ఉగాది పచ్చడీ, త్రైరాశికమూ

కిందటి ఉగాది సంచికలో ఈ శీర్షిక కింద పిల్లల టీకాల గురించి రాస్తే, "డాక్టరుగారూ, మీకు మందులూ మాకులూ తప్ప మరో లోకం లేదా?" అని మన సంఘంలో ఒక పెద్దాయన చనువుగా దెప్పారు. అందుకని ఈసారి లెక్కల గురించి రాద్దామని కూర్చున్నాను. మధ్యలో మళ్ళీ మందుల దగ్గరికి పోక తప్పదు, ఆయన మన్నించాలి.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు గాని, ఈ సంచికని ఇండియాలో తాతగారికీ అమ్మమ్మగారికీ పంపించేవారు ఉంటారు కనుక చెబుతున్నాను. మా ఊరు దక్షిణాన ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర మొదలై ఉత్తరాన ఫోర్టీన్ మైల్ రోడ్డు దగ్గర ఆగుతుంది. ఈ అడ్డరోడ్లు పేరుకి తగ్గట్టు దాదాపు మైలుకొకటి చొప్పున వస్తాయి. దీపాలన్నీ కలిపి చూసుకుంటే మైలుకి రెండు నిమిషాలు పడుతుంది. మా ఇంట్లో గొడవంతా ఈ రోడ్ల వల్లనే వచ్చింది.

మా అమ్మాయి ఏడో తరగతి చదువుతోంది. వాళ్ళ లెక్కల టీచరు పిల్లలందరికీ ఒక పని పెట్టారు. మీ చుట్టుపక్కల మీకు తెలిసిన సంగతితో ఒక నిష్పత్తి లెక్క తయారుచేసి, మీరే చేసి తీసుకురండి అని. మా అమ్మాయి ఇలా రాసింది: "ఎయిట్ మైల్ రోడ్డు దగ్గర బయలుదేరాం. మిడిల్‌బెల్ట్ మీద టెన్ మైల్ రోడ్డుకి వచ్చేసరికి 4 నిమిషాలయింది. ట్వెల్వ్ మైల్ రోడ్డుకి వచ్చేసరికి మొత్తం ఎన్ని నిమిషాలవుతుంది?" లెక్క బాగుంది. చేసిన విధానం కూడా చూడముచ్చటగా ఉంది. 10కి 4 అయితే 12కి ఎంత? అడ్డగుణకారం చేస్తే 48, దాన్ని 10తో భాగిస్తే 4.8. జవాబు చుట్టూ రెండు గీతల పెట్టె కూడా గీసింది.

అంటే మొదటి రెండు మైళ్ళకీ 4 నిమిషాలు పట్టిన మా కారు, తరవాతి రెండు మైళ్ళనీ 48 సెకన్లలో దాటేసిందన్నమాట. గంటకి 150 మైళ్ళ వేగం! కార్ల రాజధాని పక్కనే కాపురం ఉన్నా, మా పాత వ్యానుకి అంత సీను లేదు. సరైన జవాబు 8 నిమిషాలని రోజూ ఆ దారిన వెనక సీట్లో కూర్చుని వెళ్ళే పిల్లకి తెలియదంటే నమ్మలేం. తెలుసు. కాని కాగితం మీదికి వచ్చేసరికి తనకి తెలిసినదాన్ని అడగటం మానేసింది.

తల్లిదండ్రుల సమావేశానికి వెళ్ళినప్పుడు టీచరుగారు ఆ కాగితం నా ముందు పెట్టి, "గుణకారంలో తప్పేమీ లేదు, పద్ధతి పక్కాగా ఉంది. నేను మాత్రం క్లాసులో ఇంకా ఈ పద్ధతి చెప్పలేదు. ఎవరు నేర్పారు?" అని అడిగారు. నేర్పినవాడు ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. వేసవి సెలవుల్లో రోజుకి ఇరవై లెక్కల చొప్పున నేనే చేయించాను. బడిలో ఇంకా బొమ్మలు గీయిస్తున్నారు, మనవాళ్ళు అప్పుడే అడ్డగుణకారంలో ఉన్నారని నలుగురిలో గొప్ప చెప్పుకున్నాను కూడా.

ఆవిడ నన్ను తప్పు పట్టలేదు. ఓపికగా కూర్చోబెట్టి, ఈ వయసు పిల్లలు నిష్పత్తుల్లో రెండు రకాల గోతుల్లో పడతారని చెప్పారు. మొదటిది, గుణించాల్సిన చోట కూడటం. దీనికి కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ కార్‌ప్లస్ 1970ల్లో వాడిన ప్రశ్న ఒకటుంది. పొట్టాయన ఎత్తు గుండీలతో కొలిస్తే 4 గుండీలు, పొడుగాయన 6 గుండీలు. అదే పొట్టాయనని కాగితాలకి పెట్టే క్లిప్పులతో కొలిస్తే 6 క్లిప్పులు వచ్చాడు. మరి పొడుగాయన ఎన్ని క్లిప్పులు? చాలామంది పిల్లలు 8 అంటారు. గుండీల్లో రెండు ఎక్కువ కదా, క్లిప్పుల్లోనూ రెండు ఎక్కువే అని వాళ్ళ వాదం. పొడుగాయన పొట్టాయనకి ఒకటిన్నర రెట్లు కాబట్టి 9 అని తోచాలి. ఇంటికి వచ్చి మా ఆవిడని అడిగితే 9 అంది. నేనే మొదట్లో 8 అనబోయి నాలిక కరుచుకున్నానని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

రెండో గొయ్యి దీనికి తలకిందులు. నిష్పత్తే లేని చోట అడ్డగుణకారం ఉపయోగించటం. మన భాషలో చెప్పాలంటే, పది వడియాలు ఎండటానికి రెండు రోజులు పడితే ఇరవై వడియాలకి నాలుగు రోజులు అనటం లాంటిది. బెల్జియంలో డి బాక్, వాన్ డోరెన్, వెర్‌షాఫెల్ అనే పరిశోధకులు ఈ జబ్బు మీద ఏళ్ళ తరబడి పనిచేసి 2007లో ఒక పుస్తకమే ప్రచురించారు. పద్ధతి గట్టిగా వచ్చిన పిల్లలు కూడా ఈ గోతిలో పడతారు. మా అమ్మాయి పడింది ఇందులోనే. టెన్ మైల్ అన్నది రోడ్డు పేరు. ఆ పది మా కారు నడిచిన దూరం కాదు, నడిచింది రెండు మైళ్ళే.

మిషిగన్ రాష్ట్రం 2010లో కామన్ కోర్ ప్రమాణాలు తీసుకున్నప్పటి నుంచి నిష్పత్తులు ఆరు, ఏడు తరగతుల్లో ముఖ్య పాఠం. అయితే అందులో ముందుగా చెప్పమన్నది పట్టికలు, పట్టీ బొమ్మలు, జంట సంఖ్యారేఖలు. జంట సంఖ్యారేఖ అంటే మరేం లేదు, ఒకదాని కింద ఒకటి రెండు గీతలు గీసి, పై గీత మీద మైళ్ళు, కింది గీత మీద నిమిషాలు వేసుకోవటం. రెండూ సున్నా దగ్గరే మొదలవ్వాలి. మా అమ్మాయి ఇది గీసి ఉంటే సున్నా కింద ఎయిట్ మైల్ రోడ్డు వచ్చేది, తప్పు దానంతటదే బయటపడేది. ఇక్కడికి గంటకు పైగా ప్రయాణం దూరంలో ఈస్ట్ లాన్సింగ్‌లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ఉంది కదా, ఫుట్‌బాల్ పోటీలకి మనవాళ్ళు వెళ్తుంటారు. అక్కడ 1991లో గ్లెండా లాపన్, ఎలిజబెత్ ఫిలిప్స్ మొదలైనవారు మధ్య తరగతుల కోసం కనెక్టెడ్ మాథమాటిక్స్ అనే పాఠ్యప్రణాళిక మొదలుపెట్టారు. టీచరు ముందు ఒక సమస్య పరిచయం చేసి వదిలేయాలి, పిల్లలు గుంపులుగా కొట్టుకోవాలి, చివర అందరూ కలిసి ఎవరెవరు ఎలా ఆలోచించారో మాట్లాడుకోవాలి. నారింజ రసం ఏ కూజాలో చిక్కగా ఉందో పోల్చే పాఠం అందులో చాలా పేరున్నది.

నాకు మాత్రం లోపల ఉక్రోషంగానే ఉంది. మనం ఈ బొమ్మలన్నీ గీశామా? అయ్యవారు త్రైరాశికం బట్టీ పెట్టించారు, తప్పితే బెత్తంతో చేయి వాయించారు, డాక్టర్లమూ ఇంజనీర్లమూ అయ్యామా లేదా? టీచరుగారితో ఈ మాట అనలేదు గాని కారెక్కి ఇంటికి వస్తూ నాలో నేను అనుకున్నాను. అంతలోనే పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి గుర్తుకొచ్చి నోరు మూతపడింది.

అప్పుడు నేను హౌస్ సర్జన్ని. ఊరూ ఆసుపత్రీ పేర్లు వద్దు. పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ. 8 కిలోల బిడ్డ, జెంటామైసిన్ ఇవ్వాలి. కిలోకి రెండున్నర మిల్లీగ్రాముల చొప్పున 20 మిల్లీగ్రాములు. పిల్లల వయల్‌లో 2 మిల్లీలీటర్లకి 20 మిల్లీగ్రాములు ఉంటుంది. కాబట్టి 2 మిల్లీలీటర్లు అని కేసు షీటు మీద రాశాను. ఆ రాత్రి పిల్లల వయల్స్ అయిపోయాయి. ట్రేలో ఉన్నవి పెద్దవాళ్ళవి. అవీ 2 మిల్లీలీటర్ల వయల్సే, కాని అందులో ఉండేది 80 మిల్లీగ్రాములు. నేను చూసుకోలేదు. మొత్తం సిరంజిలోకి లాగాను. లెక్క నా మనసులో ఎప్పుడో అయిపోయింది, దానికి కింద గీత కూడా గీసేశాను.

రాత్రి డ్యూటీ సిస్టరు నా చేతి వంక చూసి, "డాక్టరు బాబూ, పక్క వార్డులో అరవై కిలోల మనిషికి ఒక వయల్ పెట్టి వచ్చానిప్పుడే. ఈ బిడ్డ ఆయనలో ఏడో వంతు లేదు. వీడికీ వయలంతానా?" అంది. అంతే. చేయి ఆగిపోయింది. చెవులకీ మూత్రపిండాలకీ చెరుపు చేసే మందు, నాలుగింతలు వెళ్ళిపోయేది. పిల్లలకి కిలో లెక్కన పెద్దలకన్నా కాస్త ఎక్కువే పడుతుంది కనుక ఆవిడ చెప్పిన లెక్కే అచ్చంగా సరైన మోతాదు ఇవ్వదు. అయినా మెడల్స్ తెచ్చుకున్న నా లెక్క కన్నా, కాగితమూ కలమూ లేకుండా ఆవిడ చేసిన పోలికే ఆ బిడ్డని కాపాడింది. ఆవిడ చదువు ఎంతవరకో నాకు తెలియదు. రోజూ చేతులతో కొలిచే మనిషి.

ఇలాంటి లెక్క బ్రెజిల్‌లోనూ ఉంది. రెసీఫె నగరంలో వీధుల్లో కొబ్బరికాయలు అమ్ముకునే పిల్లల్ని కొందరు మనస్తత్వ పరిశోధకులు గమనించి 1985లో రాశారు. కాయ 35 అయితే పది కాయలెంత అని అడిగితే, ఒక పన్నెండేళ్ళ కుర్రాడు పక్కన సున్నా పెట్టలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిస్తే 210, అలా కాయలు పేర్చినట్టు డబ్బు పేర్చుకుంటూ 350కి చేరాడు. ఇలాంటి పిల్లలకే అవే లెక్కలు బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారట.

మా అమ్మమ్మ లెక్కలూ ఇంతే. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. మెట్టుమెట్టుకీ రెట్టింపు. నలుగురికి తవ్వ బియ్యం పోస్తే పదహారు మందికి ఎంత అంటే ఆవిడ గుణించదు, రెండు మెట్లెక్కి అడ్డ దగ్గర ఆగుతుంది. మన పిల్లలకి బడిలో నేర్పే నిష్పత్తుల పట్టిక ఇదే కదా!

పోనీ త్రైరాశికానిదే తప్పా అంటే, అదీ కాదు. ఈ వ్యాసం కోసం పాత పుస్తకాలు కాస్త తిరగేశాను. ఆర్యభటుడు 499లోనే ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించమన్నాడు. 628లో బ్రహ్మగుప్తుడు ప్రమాణమూ ఇచ్ఛా ఒకే జాతివై ఉండాలని స్పష్టంగా చెప్పాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు, విశ్వమంతా విష్ణువు వ్యాపించినట్టు గణితమంతా త్రైరాశికమే వ్యాపించి ఉందన్నంత దూరం వెళ్ళాడు, ఒకటి పెరిగితే రెండోది తగ్గే సందర్భాలకి వ్యస్త త్రైరాశికం వేరుగా పెట్టాడు. మన తెలుగులో పావులూరి మల్లన, మహావీరాచార్యుల తొమ్మిదో శతాబ్దపు సంస్కృత గణిత గ్రంథాన్ని పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతం రాసిన భాషలో, దాదాపు ఆ రోజుల్లోనే, లెక్కల పుస్తకం కూడా పుట్టిందని మన పిల్లలకి ఎప్పుడైనా చెప్పామా?

ఇందులో నాకు నచ్చిన సంగతి ఆ పేర్లు. ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. గుణించేముందు ఏది ఏదో పేరు పెట్టి పిలవాలి. "నీ ప్రమాణం ఏమిటమ్మా?" అని నేను అడిగి ఉంటే మా అమ్మాయి "పది" అని ఊరుకోవటానికి వీల్లేదు, "పది ఏమిటి?" అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. పది మైళ్ళా, పదో రోడ్డా? ఆ రాత్రి వార్డులో నన్ను ఎవరైనా "ఫలం ఏ వయల్‌ది?" అని అడిగినా సరిపోయేది. పూర్వులు పెట్టిన పేర్లు తీసేసి, గుణకారం గుర్తు ఒక్కటే ఉంచుకున్నవాళ్ళం మనమే.

రెండు వారాల తరవాత టీచరుగారికి ఫోను చేసి, నేను చేయగలిగిన సాయం ఏమైనా ఉందా అని అడిగాను. ఆవిడ కోరింది ఒక్కటే: "నా దగ్గర సమయం లేనిది నిజమైన వస్తువుల కోసం. అవి తెచ్చిపెట్టండి. పాఠం నేను చెబుతాను, మీరు జవాబులు మాత్రం చెప్పకండి." ఈ చివరి షరతు డాక్టర్లకి ఎంత కష్టమో మీరు ఊహించుకోవచ్చు.

ఖాళీ మందు సీసాలు, నోటిలో మందు పోసే సిరంజిలు ఒక పెట్టెడు పట్టుకెళ్ళాను. మన ఊళ్ళో పారాసిటమాల్ అనేది ఇక్కడ అసిటమినోఫెన్. 2011కి ముందు ఇక్కడ చంటిపిల్లల చుక్కల మందులో 0.8 మిల్లీలీటరుకి 80 మిల్లీగ్రాములు ఉండేది. కాస్త పెద్దపిల్లల సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 160. ఏది గాఢమైనది? ముప్ఫై మంది పిల్లల్లో సగానికి పైగా 160 అన్నదానికే చేతులెత్తారు. పెద్ద అంకె కదా! నోరు విప్పబోతే టీచరుగారు కంటితోనే ఆపారు. ఎనిమిది నిమిషాలు నానా గోల. చివరికి వెనక బల్లలో ఒక కుర్రాడు రెండు గీతలు గీశాడు. 0.8కి 80, 0.4కి 40, 0.2కి 20. 0.8కీ 0.2కీ ఉన్నవి కలిపితే ఒక మిల్లీలీటరుకి 100. అయితే 5కి 500! 160 కాదు, 500. క్లాసు నిశ్శబ్దమైపోయింది. "ఎవరైనా సిరప్ అనుకుని చుక్కల మందు అయిదు మిల్లీలీటర్లు పోస్తే?" అని ఒక అమ్మాయి తనంతట తానే అడిగింది. మూడింతలకి పైగా పడుతుంది. ఆ పొరపాట్లు జరగకూడదనే 2011లో తయారీదారులు చుక్కల మందుని కూడా 5 మిల్లీలీటర్లకి 160కే మార్చారు. 2015లో ఇక్కడి పిల్లల వైద్యుల అకాడమీ నోటి మందులకి చెంచా కొలతలే వద్దు, మిల్లీలీటర్లే వాడమంది. ఇంట్లో పాత సీసాలు ఇంకా దాచుకున్నవారు దయచేసి పారేయండి, ఇది డాక్టరుగా చెబుతున్న మాట.

ఆ ఉత్సాహంలో మన ఆదివారం తెలుగు బడిలో ఉగాది పచ్చడి ప్రయోగం పెట్టాను. మొదటి గిన్నెలో 2 పాళ్ళు బెల్లం పాకం, 3 పాళ్ళు చింతపండు రసం. రెండోదాంట్లో 3 పాళ్ళకి 4. ఏది తియ్యన? పిల్లలందరూ "సమానం, రెండింట్లోనూ పులుపు ఒక్క పాలే ఎక్కువ" అన్నారు. సరే రుచి చూడండి అన్నాను. చూసి, "సమానమే అంకుల్!" అన్నారు. నా ముఖం వాడిపోయింది. వందకి 40 పాళ్ళ బెల్లానికీ 43 పాళ్ళకీ తేడా నాలుకకి అందదని నాకు ముందు తోచలేదు. మా ఆవిడ వెనక నుంచి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. మరుసటి వారం 1కి 2, 4కి 5 కలిపాం. తేడా అంతే, ఒక్క పాలే. నాలుకకి మాత్రం ఇట్టే తెలిసింది. ఎందుకో చెప్పమంటే అయిదో తరగతి పిల్ల ఒకతె, "మొదటి గిన్నెలాంటివి నాలుగు తెస్తే బెల్లం 4, పులుపు 8 అవుతుంది. ఇందులో 4కి 5 పులుపే ఉంది" అంది. ఆ పిల్లకి అడ్డగుణకారం రాదు. ఇంకో రెండేళ్ళ దాకా ఎవరూ నేర్పకుండా ఉంటే బాగుండునని ఆ తల్లిదండ్రులకి చెప్పాను. వారు నా వంక అదోలా చూశారు.

మా ఇంట్లో ఇప్పుడు నియమం ఒకటే. జవాబు కన్నా ముందు "ఇది దేనికి ఫలం?" అని అడుగుతాను. మా అమ్మాయికి విసుగొస్తుంది. "నాన్నా, నీకు అనుమానం జబ్బు" అంటుంది. మొన్న పండగ భోజనాలకి పులిహోర లెక్క వేస్తూ తనే నన్ను పట్టుకుంది. నలభై మందికి చేసిన కొలతల్ని నాలుగువందలకి పదింతలు చేస్తూ, పొయ్యి మీద ఉడికే సమయం కూడా నేను పదింతలు రాశానట!

టీచరుగారు వచ్చే నెలలో వ్యస్త నిష్పత్తి, అంటే ఒకటి పెరిగితే రెండోది తగ్గేది, మొదలుపెడుతున్నారు. పళ్ళచక్రాలు కావాలని అడిగారు. ఇది నా వల్ల అయ్యే పని కాదు. ఈ ఊళ్ళో కార్ల కంపెనీల్లో పనిచేసే మన సభ్యులు ఇంతమంది ఉన్నారు, ఇరుసు నిష్పత్తి 3.73 అంటే చోదక దండం 3.73 సార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుందని చెప్పగలవారు, రెండు చిన్న పళ్ళచక్రాలు ఇవ్వగలవారు ఉంటే పండగ రోజు భోజనాల దగ్గర నన్ను కలవండి. అదీ లేకపోతే గరాజులో మూలపడి ఉన్న గేర్ల సైకిలు ఒకటి చాలు. టైర్లు లేకపోయినా ఫరవాలేదు, గొలుసు మాత్రం ఉండాలి.